జ్వరంలో బీపీ తగ్గితే అది కంట్రోల్ అయినట్టు కాదు

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను. మీ నాన్నగారికి 62 ఏళ్లు. చాలాకాలంగా బీపీకి రెండు మాత్రలు వాడుతున్నారు. ఒకటి పేరు చివర 'సార్టన్' అని ఉండేది, రెండోది మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది. మామూలు రోజుల్లో 135/85 దగ్గర ఉంటుంది. ఒకరోజు గబగబా మెట్లెక్కి వచ్చాక చూస్తే 172/84 ఉంది, ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. పోయిన నెల జ్వరం, వాంతులు, విరేచనాలతో మంచం పట్టినప్పుడు మాత్రం 98/64 వచ్చింది. "పోనీలే, బీపీ అయినా కంట్రోల్‌లో ఉంది" అనుకుని ఆ పూట మాత్రలు కూడా వేశారు. మర్నాడు తెల్లవారుజామున బాత్రూమ్‌కి లేచి, తలుపు దగ్గరే కళ్లు తిరిగి పడిపోయారు. రెండూ ఒంటికి కష్టమే కదా, ఒకసారి బీపీ పెరగడమేమిటి, ఇంకోసారి తగ్గడమేమిటి అని మీ ప్రశ్న.

ఇరవై ఏళ్లకు పైగా ఎమర్జెన్సీలోనూ ఐసీయూలోనూ పనిచేస్తున్న డాక్టర్ని. మీరు కంగారు పడాల్సింది 172 చూసి కాదు, 98 చూసి. మెట్లెక్కినప్పుడు బీపీ పెరిగింది శరీరం కావాలని పెంచుకుంటే. జ్వరంలో తగ్గింది శరీరం తన శక్తి కొద్దీ పట్టుకుని కూడా నిలబెట్టుకోలేకపోతే. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా సులువుగానే అర్థమవుతుంది.

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు గుండె నిమిషానికి తోసేది కూడా దాదాపు 5 లీటర్లే. అంటే నిమిషానికొకసారి రక్తమంతా ఒక చుట్టు తిరిగి వస్తుంది. గుండె అలా తోస్తున్న రక్తానికి చివరన ఉండే సన్నటి ధమనులు కొంత అడ్డు ఇస్తాయి. తోసే రక్తాన్ని ఈ అడ్డుతో హెచ్చవేస్తే వచ్చేదే బీపీ. గుండె ఎక్కువ తోసినా పెరుగుతుంది, సన్నటి ధమనులు బిగుసుకున్నా పెరుగుతుంది. ఇంకో సంగతి గుర్తుంచుకోండి: రక్తంలో మూడింట రెండొంతులు ఉండేది ధమనుల్లో కాదు, సిరల్లో. సిరలు బిగుసుకుంటే ఆ నిల్వలోంచి కొంత గుండెకు చేరుతుంది. మన ఒంట్లో ఉన్న సెలైన్ బాటిల్ అదే.

శరీరం ప్రాణం పెట్టి కాపాడుకునేది ఈ ఒత్తిడినే. ఎందుకంటే మెదడు గుండె కంటే పైన ఉంది, అక్కడికి రక్తం ఎక్కాలంటే తోపు కావాలి. గుండె కండరానికీ అంతే, దానికి రక్తం ఎక్కువగా అందేది గుండె సడలిన క్షణంలో, ధమనుల్లో మిగిలి ఉన్న ఒత్తిడితో. ఈ రెండింటికీ లోటు రాకుండా చూడటానికి చర్మం, పేగులు, కిడ్నీలు, ఎవరి వాటానైనా కోసేస్తుంది. అందుకే జబ్బుపడ్డ మనిషి దగ్గర నేను మొదట చూసేది మెషిన్ కాదు, చేతులు. చేతులు చల్లగా ఉన్నాయంటే మెషిన్ ఏ అంకె చూపించినా, ఆ అంకె కోసం లోపల కోతలు మొదలైనట్టే.

ఒత్తిడి ఎంతుందో మెదడుకు తెలిసేదెలా? మెడలో రెండు పక్కలా, దవడ కింద నాడి కొట్టుకునే చోట కెరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర గోడ కాస్త ఉబ్బి ఉంటుంది, దాని నిండా సాగుదలను పసిగట్టే నరాల కొనలుంటాయి. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపులోనూ ఇలాంటివే ఉన్నాయి. ప్రతి గుండె దెబ్బకూ గోడ ఎంత సాగిందో అవి మెదడు అడుగుభాగానికి కబురు పంపుతూనే ఉంటాయి. ఇందులో నాకు ఎప్పుడూ అబ్బురంగా అనిపించే విషయం ఒకటుంది. అవి పంపే కబురు "ప్రమాదం" అని కాదు, "అంతా బాగానే ఉంది, నెమ్మదిగా ఉండు" అని. ఆ కబురు వస్తున్నంతసేపూ మెదడు గుండెను నెమ్మదిగా ఉంచుతుంది. ఒత్తిడి తగ్గిందనుకోండి, కబుర్లు పలచబడతాయి. ఆ నిశ్శబ్దమే మెదడుకు హెచ్చరిక. బ్రేకు మీద నుంచి కాలు తీసినట్టు, నార్ అడ్రినలిన్ (గుండెను పరుగెత్తించి నాళాలను బిగించే రసాయనం) వదిలే నరాలు ఒక్కసారిగా చురుకెక్కుతాయి, గుండె వేగం పెరుగుతుంది, సిరలు, ధమనులు బిగుసుకుంటాయి. ఇదంతా కొద్ది సెకన్లలోనే మొదలవుతుంది.

దీన్ని మీరు ఇంట్లోనే చూడొచ్చు. ఒంట్లో బాగున్న రోజున ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని మణికట్టు నాడి మీద వేళ్లు పెట్టుకోండి. అలాగే వేళ్లు తీయకుండా లేచి నిలబడండి. నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగిపోతుంది. నాడి వెంటనే పరుగెత్తుతుంది, పదిహేనో దెబ్బ అటూ ఇటూ అన్నిటికంటే వేగంగా ఉంటుంది, ముప్పయ్యో దెబ్బ వచ్చేసరికి మళ్లీ నెమ్మదిస్తుంది. ఆ పావు నిమిషంలో మీ వేళ్ల కింద జరిగేదే బీపీని నిలబెట్టడం. వయసు పైబడ్డాక ధమనుల గోడలు గట్టిపడి సరిగ్గా సాగవు, సుగరు ఎన్నో ఏళ్లుగా ఉంటే నరాలే దెబ్బతింటాయి, అందుకని ఈ సర్దుబాటు మందగిస్తుంది. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే, దాన్ని పట్టించుకోవాల్సిన లోపంగానే లెక్కవేస్తాం.

ఇక మెట్ల సంగతి. మొదటి మెట్టు మీద కాలు పెట్టకముందే గుండె వేగం అందుకుంటుంది. కదలమని కండరాలకు ఆజ్ఞ పంపే మెదడు, అదే సమయంలో గుండెను కూడా సిద్ధం చేస్తుంది. నడక మొదలయ్యాక పిక్కల్లో, తొడల్లో రక్తనాళాలు బాగా తెరుచుకుంటాయి. కూర్చున్నప్పుడు గుండె తోసే రక్తంలో కండరాలకు అందేది ఐదో వంతే, గట్టి వ్యాయామంలో అది ఐదింట నాలుగు వంతులకు చేరుతుంది. నిమిషానికి 5 లీటర్లు తోసే గుండె 20 లీటర్లు తోస్తుంది, బాగా సాధన చేసిన ఆటగాళ్లలో 30 కూడా దాటుతుంది. ఇన్ని నాళాలు తెరుచుకుంటే ఒత్తిడి పడిపోవాలి కదా? పడిపోకపోగా పెరుగుతుంది, ఎందుకంటే నాళాలు తెరుచుకున్న దానికంటే గుండె తోపే ఎక్కువగా పెరుగుతుంది. పైగా పని చేయని చోట్ల, ముఖ్యంగా పేగుల్లో, కిడ్నీల్లో నాళాలు బిగుసుకుంటాయి. ఫలితంగా పై అంకె పెరుగుతుంది, కింది అంకె ఉన్నచోటే ఉంటుంది లేదా కాస్త తగ్గుతుంది. మీ నాన్నగారి 172/84 సరిగ్గా అదే. మామూలప్పుడు 85 ఉండే కింది అంకె అక్కడే ఉంది చూడండి.

మెడలోని ఆ కొనలు మరి దీన్ని ఎందుకు అడ్డుకోలేదు? అవి పని మానేయవు. వ్యాయామం చేస్తున్నంతసేపూ మెదడు తన లక్ష్యాన్నే పైకి జరుపుకుంటుంది, ఆ కొత్త లక్ష్యం చుట్టూ ఒత్తిడిని అంతే శ్రద్ధగా కాపాడుతుంది. కండరాలకు కూడా ఇందులో ఒక మాట ఉంది. 1937లో ఆలం, స్మిర్క్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక తేలికైన ప్రయోగం చేశారు. కండరం పని చేస్తుండగా పట్టీ బిగించి దాని రక్తప్రసరణ ఆపేశారు, తర్వాత పని కూడా ఆపించారు. పని ఆగిపోయినా బీపీ పూర్తిగా దిగలేదు, పట్టీ వదిలాకే దిగింది. కండరంలో పేరుకున్న వ్యర్థాలు నరాల ద్వారా "ఇక్కడ రక్తం చాలడం లేదు" అని మెదడుకు చెప్తూనే ఉన్నాయన్నమాట.

బరువులెత్తడం వేరు. ఊపిరి బిగబట్టి పెద్ద బరువు ఎత్తినప్పుడు బిగుసుకున్న కండరం తన నాళాలను తానే నొక్కేస్తుంది, ఛాతీలో ఒత్తిడీ పెరుగుతుంది. రెండు అంకెలూ కలిసి ఎగబాకుతాయి. 1985లో కొందరు బాడీబిల్డర్లకు ధమనిలోనే గొట్టం పెట్టి కొలిస్తే, రెండు కాళ్లతో భారీ బరువు తోసేటప్పుడు సగటున 320/250 వచ్చింది, ఒకరిలో 480/350 దాకా వెళ్లింది. అది కొన్ని క్షణాల మాటే, దిగిపోతుంది. అయినా అరవై దాటిన బీపీ మనిషి ఊపిరి బిగబట్టి బరువులెత్తడం నేను ఒప్పుకోను. నడక, మెట్లు, సైకిలు మాత్రం మాన్పించకండి. అలాంటి వ్యాయామం తర్వాత కొన్ని గంటలపాటు బీపీ మామూలు కంటే తక్కువే ఉంటుంది, రోజూ చేస్తే మొత్తం మీదే తగ్గుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పండి, వేగంగా నడిచి ఉన్నట్టుండి కదలకుండా నిలబడొద్దని. నడుస్తున్నప్పుడు పిక్కలు ప్రతి అడుగుకూ సిరల్ని పిండి రక్తాన్ని పైకి పంపుతాయి. కాళ్లు ఆగితే ఆ పిండడం ఆగుతుంది, తెరుచుకున్న నాళాలు మాత్రం ఇంకా మూసుకోవు. వ్యాయామం ముగిశాక కళ్లు బైర్లు కమ్మేది అందుకే. రెండు మూడు నిమిషాలు మెల్లగా నడిచి ఆగాలి. ఇక శ్రమలో బీపీ పెరగడం మామూలే గానీ, శ్రమ పడుతుంటే తగ్గడం, ఛాతీ పట్టేయడం, కళ్లు తిరగడం మామూలు కాదు. గుండె ధమనుల్లోనో కవాటంలోనో పెద్ద అడ్డు ఉన్నప్పుడు అలా జరుగుతుంది. అప్పుడు వెంటనే గుండె డాక్టరుకు చూపించాలి.

మెట్లెక్కి వచ్చిన వెంటనే చూసిన బీపీని రోజువారీ బీపీగా రాసుకోకండి. వ్యాయామం, కాఫీ, సిగరెట్ తర్వాత అరగంట ఆగాలి, వీపు ఆన్చి ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, అప్పుడు కొలవాలి.

ఇప్పుడు జ్వరం దగ్గరికి వద్దాం. నిజానికి మీరు భయంతో అడిగిన ప్రశ్న ఇదే.

వాంతులు, విరేచనాలు, జ్వరపు చెమటలు, అన్నిట్లోనూ పోయేది నీరూ ఉప్పూ. ఒంట్లో నీరు తగ్గితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, గుండె ప్రతి దెబ్బకూ తోసేది తగ్గుతుంది. మెడలోని కొనలు నిశ్శబ్దమవుతాయి, మెదడు గుండె వేగం పెంచుతుంది, సిరలు, ధమనులు బిగిస్తుంది. ఇవి క్షణాల్లో జరిగేవి. ఆ తర్వాత గంటల తరబడి పనిచేసేది రెండోది, కిడ్నీల నుంచి మొదలవుతుంది. 1898లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్తలు కుందేలు కిడ్నీ నుంచి తీసిన సారాన్ని ఇంకో కుందేలుకు ఎక్కిస్తే దాని బీపీ పెరగడం గమనించి, ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. కిడ్నీకి వచ్చే రక్తపు ఒత్తిడి తగ్గితే రెనిన్ విడుదలవుతుంది, దాని వల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది నాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, అల్డోస్టిరాన్ అనే హార్మోన్ ద్వారా ఉప్పును పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. మెదడు నుంచి వచ్చే వాసోప్రెసిన్ అనే హార్మోన్ నీటిని పట్టి ఉంచుతుంది. మూడు రోజుల జ్వరంలో మూత్రం ముదురు పసుపు రంగులో కొంచెమే వస్తే, శరీరం ప్రతి చుక్కనూ దాచుకుంటోందని అర్థం.

ఇప్పుడు మీ నాన్నగారి మాత్రలు చూడండి. 'సార్టన్' మాత్ర అడ్డుకునేది సరిగ్గా ఆ యాంజియోటెన్సిన్‌నే. రెండో మాత్ర, శరీరం దాచుకోవాలని చూస్తున్న ఉప్పునూ నీటినీ బయటికి పంపుతుంది. మామూలు రోజుల్లో ఈ మాత్రలు గుండెనూ కిడ్నీలనూ మెదడునూ కాపాడతాయి, అందులో సందేహం లేదు. కానీ ఒంట్లో నీరు లేని రోజున అవే మాత్రలు శరీరం ఎత్తిన రెండు చేతుల్నీ వెనక్కి విరిచి కట్టినట్టవుతుంది. పడుకుని ఉన్నప్పుడు 98 అయినా మిగిలింది. తెల్లవారుజామున లేచి నిలబడేసరికి ముప్పావు లీటరు కాళ్లలోకి దిగింది, దాన్ని సర్దడానికి నిల్వ లేదు, బిగించే శక్తి లేదు. పడిపోయారు. మీరు తెలిసి చేసిన తప్పు కాదిది. బీపీ పెరిగితే ముప్పు అని అందరూ చెప్తారు గానీ, జ్వరంలో ఏం చేయాలో మాత్రలు రాసిచ్చేటప్పుడే చెప్పాల్సిన బాధ్యత మా డాక్టర్లది.

98/64ను ఇంకోలా కూడా చూడాలి. పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడాలో మూడో వంతును కింది అంకెకు కలిపితే సగటు ఒత్తిడి వస్తుంది. ఐసీయూలో మేం ఎక్కువగా చూసేది దాన్నే. మీ నాన్నగారి మామూలు 135/85కి సగటు 102 దగ్గర, 98/64కి 75. పాతికేళ్ల ఆరోగ్యవంతురాలికి 75 చాలు, హాయిగా తిరుగుతుంది. కానీ ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడ్డ మెదడు, కిడ్నీలు తమ రక్తాన్ని తాము సర్దుకునే హద్దునే పైకి జరుపుకుని ఉంటాయి. వాళ్లకు అది నాలుగో వంతు కోత. ఒకరికి నార్మల్ అయిన అంకె ఇంకొకరికి తక్కువ కావచ్చు. మీ ఇంట్లో మనిషి మామూలు అంకె ఎంతో తెలిసి ఉండటం అందుకే ముఖ్యం.

అంకెను నమ్మి నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి, బండి మీద నుంచి పడిన పాతికేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. మోచేతులు దోక్కుపోయాయి తప్ప పైకి పెద్ద దెబ్బలేం లేవు. బీపీ 122/98. మాట్లాడుతున్నాడు, దాహం అంటున్నాడు. నేను కాగితం మీద "బీపీ నార్మల్" అని రాసి పక్క మంచానికి వెళ్లాను. పెద్ద సిస్టర్ ఒకావిడ అతని చెయ్యి పట్టుకుని, నన్ను వెనక్కి పిలిచింది. "డాక్టర్ గారూ, ఒకసారి ముట్టుకుని చూడండి" అంది. అరచెయ్యి మంచుముక్కలా ఉంది, మణికట్టు మీద సన్నటి చెమట, నాడి 130. ఇరవై నిమిషాల్లో బీపీ 70కి పడిపోయింది. ప్లీహం చిట్లి కడుపులోపల రక్తం కారుతోంది. ఆపరేషన్ చేశారు, బతికాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని చూడకపోతే ఆ ఇరవై నిమిషాలూ నేను పక్క మంచం దగ్గరే ఉండేవాణ్ని.

122/98లోనే అంతా రాసి ఉంది, నాకు చదవడం రాలేదు. రెండు అంకెల మధ్య తేడా 24 మాత్రమే, మామూలుగా 40 దగ్గర ఉండాలి. గుండె ఒక్కో దెబ్బకు తోసేది తగ్గింది, నాళాలు బిగుసుకుని కింది అంకెను పైకి ఎత్తాయి. వయసులో ఉన్నవాళ్లలో రక్తం 30 శాతం దాకా, అంటే లీటరున్నర దాకా పోయినా పై అంకె పెద్దగా పడకపోవచ్చు. అన్ని దారులూ అయిపోయాక ఒక్కసారిగా కూలుతుంది. ఆఖరుకు పడేది బీపీ.

డెంగీలో కూడా ఇదే చూస్తాం, అక్కడ ముఖ్యంగా పోయేది రక్తం కాదు, నాళాల గోడల గుండా రక్తంలోని ద్రవం కారిపోతుంది. అదీ చాలామందికి జ్వరం దిగుతున్న రోజుల్లో. జ్వరం తగ్గింది కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, అప్పుడే అసలు గండం మొదలవుతుంది. 100/84 చూస్తే పై అంకె బాగానే ఉందనిపిస్తుంది. రెండింటి మధ్య తేడా 16. డెంగీలో ఆ తేడా 20 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే అది షాక్ (అవయవాలకు రక్తం చాలని ప్రమాద స్థితి) కిందే లెక్క.

అన్ని జబ్బుల్లోనూ చేతులు చల్లబడవు. ఇన్‌ఫెక్షన్ రక్తానికి ఎక్కి ఒళ్లంతా మంటపెట్టినప్పుడు, అంటే సెప్సిస్‌లో, కథ తిరగబడుతుంది. మన రక్తనాళాల లోపలి పొర ఎప్పుడూ కొద్దిగా నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి నాళాన్ని మెత్తగా ఉంచుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది. సెప్సిస్‌లో అదే వాయువు అదుపు తప్పి పుట్టుకొస్తుంది. బిగుసుకోమని నార్ అడ్రినలిన్ ఎంత అరిచినా నాళాలకు వినపడదు. వాటి గోడల గుండా ద్రవం కూడా కారుతుంది. గుండె మామూలు కంటే ఎక్కువే తోస్తున్నా ఒత్తిడి నిలవదు, ముందు కింది అంకె జారుతుంది, 100/45 లాంటివి కనబడతాయి. చేతులు వెచ్చగా, నాడి గట్టిగా ఎగిరెగిరి కొట్టుకుంటూ ఉంటుంది. చూసేవాళ్లకు "ఒళ్లు వెచ్చగానే ఉంది" అని ధైర్యం. కాబట్టి చేతులు చల్లబడితే ప్రమాదం గానీ, వెచ్చగా ఉన్నంత మాత్రాన ప్రమాదం లేదని కాదు. ఆసుపత్రిలో వెంటనే యాంటిబయాటిక్, సెలైన్, అవి చాలకపోతే నార్ అడ్రినలిన్ చుక్కలు ఎక్కించి సగటు ఒత్తిడిని కనీసం 65 దగ్గర నిలబెడతాం. అక్కడ గంటలు లెక్క.

జబ్బులో బీపీ పెరగడం కూడా ఉంటుంది, అందులో ఒకటి తప్పకుండా చెప్పాలి. నొప్పి, చలి వణుకు, భయం, మూత్రం బిగబట్టుకోవడం, ఇవన్నీ పెంచుతాయి. కారణం పోతే అదే దిగుతుంది. పక్షవాతం వచ్చిన మొదటి గంటల్లో కూడా బీపీ బాగా పెరుగుతుంది. రక్తం అందని మెదడు భాగానికి పక్కదారుల గుండా కాస్తయినా చేరేది ఆ ఒత్తిడి వల్లే కావచ్చు. అప్పుడు ఇంట్లో నాలుక కింద మాత్ర పెట్టి అంకెను దబ్బున దించేయడం మెదడుకు చేసే ద్రోహం. ఏం ఇవ్వకుండా ఆసుపత్రికి పరుగెత్తండి, ఎంత దించాలో, అసలు దించాలో వద్దో స్కాన్ చూశాక వాళ్లు చెప్తారు.

ఇంట్లో మీరు చేయగలిగింది చెప్తాను. బీపీతో పాటు నాడి కూడా రాసుకోండి, మెషిన్ రెండూ చూపిస్తుంది. నాడి అంకె పై బీపీ అంకెలో సగం నుంచి మూడింట రెండొంతుల దాకా ఉండటం మామూలు. నాడి 112, పై బీపీ 98 ఉన్నాయంటే నాడి బీపీని దాటిపోయింది, అది ఆసుపత్రికి బయల్దేరాల్సిన అంకె. జ్వరం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కూ నాడి సుమారు పది పెరుగుతుంది, ఆ మేరకు చూసుకోండి. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లలో నాడి అంతగా పెరగదు, వాళ్ల విషయంలో నాడి నెమ్మదిగా ఉందని ధైర్యపడొద్దు. వేలి గోటిని పది సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడిన చోటు మూడు సెకన్లు దాటినా ఎర్రబడకపోతే ఒంటి చివరలకు రక్తం అందడం లేదు. ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం, నిమిషానికి 22 కంటే ఎక్కువ ఊపిరులు, మాట తడబడటం, ఎప్పుడూ లేని మగత, వీటిలో ఏది కనిపించినా అంకె ఎంతుందన్నది పక్కన పెట్టి బయల్దేరండి.

మెషిన్ గురించి ఒక మాట. ఒత్తిడి మరీ తగ్గినప్పుడూ, గుండె లయ తప్పినప్పుడూ మెషిన్లు కొలవలేక మళ్లీ మళ్లీ ఎర్రర్ చూపిస్తాయి. బ్యాటరీ పోయిందనుకుని బ్యాటరీలు మారుస్తూ విలువైన సమయం పోగొట్టుకున్నవాళ్లను చూశాను. జబ్బు మనిషికి రెండుసార్లు ఎర్రర్ వస్తే, అదే మెషిన్ మీ చేతికి పెట్టుకుని చూడండి. మీకు వచ్చి ఆయనకు రాకపోతే, లోపం మెషిన్‌లో లేదు.

మాత్రల విషయంలో మాత్రం మీ అంతట మీరు ఏదీ శాశ్వతంగా మానేయొద్దు. వాంతులు, విరేచనాలతో ఏమీ నిలవని రోజుల్లో 'సార్టన్', 'ప్రిల్' అని ముగిసే మాత్రలు, మూత్రం పోయే మాత్రలు, కొన్ని సుగరు మాత్రలు తాత్కాలికంగా ఆపమని చాలామంది డాక్టర్లు చెప్తారు, తినడం, తాగడం మామూలయ్యాక ఒకటి రెండు రోజుల్లో మళ్లీ మొదలుపెట్టమంటారు. కానీ బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ అనే బీపీ మాత్ర ఉన్నట్టుండి ఆపితే బీపీ, గుండె వేగం ఎగదన్నుతాయి. చాలాకాలంగా స్టిరాయిడ్లు వాడేవాళ్లయితే అవి అస్సలు ఆపకూడదు, జ్వరంలో పెంచాల్సి కూడా రావచ్చు. ఒంట్లో కార్టిసాల్ (శరీరం తానే తయారుచేసుకునే స్టిరాయిడ్) లేకపోతే నార్ అడ్రినలిన్ ఉన్నా నాళాలు దాని మాట వినవు, బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బున్నవాళ్లకు లెక్కలు వేరు, వాళ్లకు ఎంత నీళ్లు తాగించాలన్నది కూడా డాక్టరే చెప్పాలి.

మీ నాన్నగారు పడినప్పుడు తల తగిలిందా అన్నది మీరు రాయలేదు. తగిలి ఉంటే, రక్తం పలచబడే మందులు వాడుతుంటే మరీ ముఖ్యంగా, ఇన్ని రోజులైనా సరే ఒకసారి చూపించండి. ఇప్పుడు ఆయన కోలుకున్నారన్నారు కాబట్టి ఒక వారంపాటు పొద్దున మాత్రలకు ముందు కూర్చుని ఒకసారి, నిలబడి మూడు నిమిషాలయ్యాక ఒకసారి బీపీ కొలిచి రాయండి. ఆ కాగితం, ఆయన మాత్రలన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. కిడ్నీ పరీక్ష, సోడియం, పొటాషియం చేయించమని అడగండి. మళ్లీ జ్వరమో విరేచనాలో వస్తే వీటిలో ఏది ఆపాలి, ఏది ఆపకూడదు, ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగి, చెప్పింది డాక్టరు చేతే రాయించుకుని మందుల డబ్బా మూత లోపల అంటించండి.